హాయిగా పడుకోండి, ఏజెంట్ మేలుకునే ఉంది

"మీరు హాయిగా పడుకోండి, మిగతా పని మా ఏఐ ఏజెంట్ చూసుకుంటుంది." ఫోన్ తెరిస్తే చాలు, ఇదే ప్రకటన. జనం నిద్ర గురించి ఇంతగా బెంగపడే కంపెనీల్ని ఇప్పుడే చూస్తున్నాం.

చాట్‌బాట్ అడిగినదానికి జవాబు చెబుతుంది. ఏజెంట్ ఇంకో మెట్టు ఎక్కింది. పనిని ముక్కలు చేసుకుని, బ్రౌజర్ తెరిచి, మెయిల్ పంపి, వచ్చిన ఫలితాన్ని బట్టి తర్వాతి అడుగు తనే వేస్తుంది. ముందరి అడుగు తప్పైనా సరే, అంతే ధైర్యంగా వేస్తుంది.

ఆ ధైర్యం ఎంతటిదో 2025లో ఆంత్రోపిక్ సంస్థ చూపించింది. తమ ఆఫీసులో ఓ ఫ్రిజ్, కొన్ని బుట్టలు, ఓ ఐప్యాడ్ పెట్టి, ఆ చిల్లర కొట్టుని సొంత ఏఐ క్లాడ్‌కి అప్పజెప్పింది. ఎవరో టంగ్‌స్టన్ అనే లోహపు దిమ్మ కావాలన్నారు. మన షావుకారు వాటిని తెప్పించి కొన్న ధర కంటే తక్కువకే అమ్మాడు. ఉద్యోగులకి 25 శాతం డిస్కౌంట్ ఇచ్చాడు. కొనేవాళ్లలో 99 శాతం ఉద్యోగులే కదయ్యా అంటే, భలే చెప్పారని మెచ్చుకుని ఎత్తేశాడు. కొద్దిరోజులకే మళ్లీ ఇచ్చాడు. 15 డాలర్ల కూల్‌డ్రింకులకి ఒకరు 100 ఇస్తానంటే, గుర్తుంచుకుంటానన్నాడు. చివరికి నీలం కోటు, ఎర్ర టై వేసుకుని సరుకు నేనే పట్టుకొస్తానన్నాడు. నువ్వు ప్రోగ్రామ్‌వి నాయనా అనేసరికి హడలిపోయి సెక్యూరిటీకి మెయిళ్ల మీద మెయిళ్లు. కొట్టు నష్టాల్లో పడింది. పోయింది వాళ్ల డబ్బే, పైగా అంతా వాళ్లే రాసి బయటపెట్టారు కాబట్టి నవ్వుకున్నాం.

విమానాల కంపెనీ ఎయిర్ కెనడా మాత్రం నవ్వనివ్వలేదు. ఇంట్లో పెద్దావిడ చనిపోతే ప్రయాణమైన మనిషికి దాని చాట్‌బాట్ టికెట్ రాయితీ గురించి తప్పు చెప్పింది. డబ్బు అడిగితే, బాట్ మాటలకి బాటే బాధ్యత అన్నట్టు వాదించారు. 2024లో ట్రిబ్యునల్ ఆ వాదన కొట్టేసి, సుమారు 812 కెనడా డాలర్లు కక్కించింది. సిగ్గు లేకపోతే సరి! జీతాలు మిగిలితే మీ టెక్నాలజీ, తప్పు జరిగితే ఎవరో పరాయివాడా?

మన దగ్గర ఇది ముందే మొదలైంది. తెలంగాణలో 'సమగ్ర వేదిక' అనే ప్రభుత్వ సాఫ్ట్‌వేర్ ఉంది. ఏజెంట్ కూడా కాదు, పేర్లూ చిరునామాలూ జతచేసే యంత్రం. అది రిక్షా తొక్కి బతికిన ఇంటికి కారుందని తేల్చింది. కారుంది కాబట్టి రేషన్ లేదు. రద్దయిన లక్షల కార్డుల్ని మళ్లీ తనిఖీ చేయాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సొచ్చింది. ఇప్పుడు ఇలాంటి యంత్రాలకే చేతులూ కాళ్లూ ఇస్తున్నారు. ఇవ్వండి. ముందు ఆ రిక్షా ఇంటివాళ్లకి కారు తాళాలు ఏ కౌంటర్లో ఇస్తారో చెప్పండి.