భోజనానికే వస్తారు, వస్తే ఏం?

మొన్న అమెరికాలో మన తెలుగు సంఘం సంక్రాంతి సంబరాల్లో భోజనాలకు ముందు మైకులో చెప్పారు: "ముందు ఫ్యామిలీలు, స్టూడెంట్స్ ఆఖర్న." పొద్దుట్నుంచి కుర్చీలు వేసిందీ, ముగ్గులపోటీకి హాలు ఊడ్చిందీ, వడ్డించిందీ ఆ పిల్లలే. వాళ్ల వంతు వచ్చేసరికి పులిహోర అడుగంటింది, బొబ్బట్లు అయిపోయాయి. పైగా "వీళ్లు భోజనానికే వస్తారండీ" అని ఒక నవ్వు.

అవును, భోజనానికే వస్తారు. టికెట్ల లెక్కకే కేటరింగ్ చెప్తాం అన్న కమిటీ మాట నిజమే. ఆ లెక్కలో వాలంటీర్లనూ కలిపితే సంఘం దివాలా తీయదు.

అయినా ఏడాదికో విస్తరితో ఇంటి బెంగ తీరదు. జనవరి చలిలో తమ గదిలోనే ఇడ్లీపిండి పొంగాలి వాళ్లకు. ఇండియా నుంచి మోసుకొచ్చిన మిక్సీ 230 వోల్టులది, అమెరికా 120 వోల్టులకు సరిగ్గా తిరగదు. ఇక్కడి బ్లెండరేమో తొందరగా వేడెక్కి పిండిని పాడుచేస్తుంది. అందుకే కప్పు మినప్పప్పు నాలుగైదు గంటలు నాననిచ్చి, ఐసునీళ్లు పోస్తూ, ఆపి ఆపి రుబ్బాలి. రెండు కప్పుల ఇడ్లీరవ్వ కడిగి, నీళ్లు గట్టిగా పిండేసి, రుబ్బిన పప్పులో చేత్తో కలపాలి. గది 20 డిగ్రీల సెల్సియస్ ఉంటే తెల్లారినా పిండి కదలదు. ఓవెన్ వెలిగించకుండా లోపలి లైటు మాత్రం వేసి, సగం ఖాళీ ఉన్న గిన్నెలో పన్నెండు గంటలు ఉంచితే పొంగుతుంది. ఓవెన్ తలుపుకి చీటీ అంటించడం మరవకూడదు. రూమ్మేట్ పిజ్జా కోసం ఓవెన్ వేడిచేశాడంటే పిండి లోపలే ఉడికిపోతుంది.

పోపు ఇంకో తంటా. చాలా అపార్టుమెంట్లలో పొయ్యిమీది ఫ్యాను పొగను బయటికి పంపదు, వడగట్టి మళ్లీ గదిలోకే వదులుతుంది. పొగ అలారం మోగుతోందని ఆ అలారానికే ప్లాస్టిక్ కవరు కడుతున్నారు, అది ప్రమాదం. కిటికీ తీసి, నూనె పొగలు రాకముందే ఆవాలు వేస్తే చాలు.

పచ్చి కరివేపాకు సామానులో తేనివ్వరు. నిమ్మజాతి చెట్లకు తెగులు మోసే పురుగు దాంతో వస్తుందని భయం. మన గరాజుల్లో చలికాలమంతా కుండీల్లో దాచుకుంటున్న మొక్కలున్నాయి కదా, తలో రెండు రెబ్బలు ఇవ్వలేమా?

కమిటీవారూ, నెలకో శనివారం హాలు వంటగది వాళ్లకు తెరవండి. గ్రైండర్లున్న అత్తయ్యలూ, బాబాయిలూ, వాటిని అక్కడికి తీసుకురండి. పిండి పట్టుకెళ్లే డబ్బా మూత మాత్రం బిగించొద్దని చెప్పండి, లేకపోతే కారులోనే పొంగి పొర్లుతుంది.