ఉచితంగా దొరికే లండన్‌ని పిల్లలకి అమ్మకండి

పొద్దున్నే వాట్సాప్‌లో ఒక పోస్టర్ వచ్చింది. అప్పటినుంచి ఒళ్లు మండిపోతోంది. సెప్టెంబర్ ఇన్‌టేక్‌లో చదువుకోడానికి వచ్చి దిగిన పిల్లలకి "ఒక్క రోజులో లండన్" టూర్ అట. బ్రిటిష్ మ్యూజియం, బకింగ్‌హామ్ ప్యాలెస్, బిగ్ బెన్, ట్రఫాల్గర్ స్క్వేర్, టవర్ బ్రిడ్జి. మనిషికి ఒక వారం సరుకుల డబ్బు. వేసినవాళ్లు పరాయివాళ్లా అంటే కాదు, తెలుగువాళ్లే.

ఆ లిస్టులో డబ్బు కట్టి చూడాల్సింది ఒక్కటి చెప్పండి! మ్యూజియం అందరికీ ఉచితం. ప్యాలెస్ గేటు బయటే నిలబెడతారు, బిగ్ బెన్‌ని కిందనుంచే చూపిస్తారు. టవర్ బ్రిడ్జి మీద ఆ చివరినుంచి ఈ చివరికి ఎవరైనా నడవచ్చు, పైనున్న అద్దాల నడవాకే టికెట్. వారానికి 20 గంటల పార్ట్‌టైమ్ కూడా ఇంకా దొరకని పిల్లల దగ్గర దేనికి తీసుకుంటున్నారు ఈ డబ్బు?

పోనీ సరిగ్గా చూపిస్తారా? టూర్ మంగళవారం పెట్టి, ప్యాలెస్ దగ్గర గార్డుల మార్పు చూపిస్తామని రాశారు. అది మామూలుగా సోమ, బుధ, శుక్ర, ఆదివారాల్లో, ఉదయం 11కి. వాన గట్టిగా పడితే అదీ రద్దు. 11కి తాపీగా వెళ్తే ముందువాళ్ల వీపులు తప్ప ఏమీ కనపడవు, 10 గంటలకే గేటు దగ్గర చోటు పట్టుకోవాలి. ఒక్కో చోట ఇరవై నిమిషాలు దింపి, ఫొటో తీయించి, మళ్లీ బస్సెక్కిస్తారు. సాయంత్రానికి ఆ పిల్లలు "లండన్‌లో ఏముంది, పాత బిల్డింగులు, అన్నీ ఖరీదు" అంటారు. అనరా మరి? వాళ్లకి చూపించింది అంతే కదా!

చెప్పాల్సినవి మాత్రం ఎవరూ చెప్పరు. బస్సు, ట్యూబ్ (లండన్ మెట్రో) చార్జీకి ఫోన్‌తో ట్యాప్ చేస్తే రోజంతా ఫోన్‌తోనే చేయాలి. మధ్యలో ఆ ఫోన్‌లో ఉన్న బ్యాంక్ కార్డునే బయటికి తీసి ట్యాప్ చేస్తే సిస్టమ్‌కి అది వేరే కార్డు, రోజుకి ఇంతకి మించి చార్జీ పడదనే పరిమితి రెండు ముక్కలై ఎక్కువ కట్టుకుంటారు. ట్యూబ్‌లో దిగేటప్పుడు కూడా ట్యాప్ చేయాలి, మర్చిపోతే గరిష్ఠ చార్జీ పడుతుంది. బస్సులో ఎక్కేటప్పుడు ఒక్కసారి చాలు. మొదటి ట్యాప్ నుంచి గంటలోపు ఎన్ని బస్సులు మారినా ఒకటే చార్జీ. స్టూడెంట్ ఆయిస్టర్ కార్డు (లండన్ ప్రయాణాలకి వాడే కార్డు) చేయించుకుని ప్రతి ప్రయాణం మీదా తగ్గుతుందనుకుంటారు. దానితో వచ్చే 30 శాతం తగ్గింపు వీక్లీ, మంత్లీ లాంటి ట్రావెల్‌కార్డుల మీదే. విడివిడి ప్రయాణాలకి తగ్గాలంటే 16-25 రైల్‌కార్డు తీసుకుని, స్టేషన్‌లో సిబ్బందిని అడిగి ఆయిస్టర్‌కి లింక్ చేయించుకోవాలి. రద్దీ లేని వేళల్లో ట్యూబ్ చార్జీలో మూడోవంతు తగ్గుతుంది. ఇంక లెస్టర్ స్క్వేర్ నుంచి కోవెంట్ గార్డెన్‌కి ట్యూబ్ ఎక్కించే గైడ్లున్నారు చూశారూ, వాళ్లని ఏమనాలి? నడిస్తే ఐదారు నిమిషాలు!

టూర్ బస్సు బదులు ట్రఫాల్గర్ స్క్వేర్ దగ్గర 15వ నంబర్ ఎక్కండి. పై అంతస్తు, ముందు సీటు. స్ట్రాండ్, ఫ్లీట్ స్ట్రీట్, సెయింట్ పాల్స్ మీదుగా టవర్ ఆఫ్ లండన్ దాకా వెళ్తుంది.

ఇంతకీ నా అసలు కోపం పాతది. పోస్టర్‌లో బ్రిటిష్ మ్యూజియం కింద ఈజిప్టు నుంచి తెచ్చిన "రోసెట్టా స్టోన్, మమ్మీలు" అని రాశారు. ఏటా అదే. టికెట్ కొని టవర్ ఆఫ్ లండన్‌కి వెళ్లి కోహినూర్ ముందు "ఇది మనదే" అని ఆవేశపడతారు. ఉచితంగా చూడగలిగే మన అమరావతి బౌద్ధ స్తూపపు శిల్పాలు అదే మ్యూజియంలో 33ఏ గదిలో ఉన్నాయని ఒక్కడూ చెప్పడు! 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించాడు, 1859లో ఓడలో లండన్ చేరాయి, 1880లో బ్రిటిష్ మ్యూజియానికి వచ్చాయి. అద్దాల గోడ వెనక, గాలిలో తేమ అదుపు చేసి ఉంచారు, పల్నాటి సున్నపురాయి పాడవకుండా.

అందులో ఒక పలక ఉంది. ఒకవైపు బోధి వృక్షం, కింద ఖాళీ ఆసనం, చుట్టూ చేతులు జోడించిన భక్తులు. క్రీస్తుపూర్వం 1వ శతాబ్దం నాటి పని, బుద్ధుడి రూపమే ఉండదు. మూడు నాలుగు వందల ఏళ్ల తర్వాత అదే రాయిని తిప్పి, రెండోవైపు ఏకంగా స్తూపాన్నే చెక్కారు. ప్రాకారం, ద్వారం దగ్గర సింహాలు, వేదిక మీద వరసగా నిలిపిన ఐదు ఆయక స్తంభాలు, పైన గుండ్రటి గుమ్మటంలా అండం. కృష్ణ ఒడ్డున ఇప్పుడు మిగిలింది దిబ్బే. ఆ స్తూపం నిండుగా ఉన్నప్పుడు ఎలా ఉండేదో తెలియాలంటే ఇలాంటి పలకలే దిక్కు. గుంటూరు నుంచి వచ్చిన పిల్లని కూడా దాని పక్కనుంచే మమ్మీల దగ్గరికి తోలుకుపోతున్నారు!

పిల్లలూ, ఎవరికీ డబ్బు కట్టకండి. శుక్రవారం క్లాస్ అయ్యాక బ్రిటిష్ మ్యూజియానికి వెళ్లండి, ఆ రోజు రాత్రి 8:30 దాకా తెరిచే ఉంటుంది. ఉచిత టికెట్ ముందే బుక్ చేసుకుని, వెనకవైపు మాంటేగ్ ప్లేస్ గేటునుంచి వెళ్లండి, క్యూ తక్కువ. పెద్ద బ్యాగులు వద్దు. కొన్ని గదులు అప్పుడప్పుడూ మూసేస్తారు, బయల్దేరేముందు వెబ్‌సైట్‌లో చూసుకోండి. వెళ్లాక 33ఏ మూసి కనిపిస్తే ఊరుకోకండి, ఎప్పుడు తెరుస్తారని అక్కడి సిబ్బందిని అడగండి. వెళ్లిన ప్రతిసారీ అడగండి.