సంతకానికీ అమలుకూ మధ్య 41 ఏళ్లు

1974 మే 16న భారత ప్రధాని ఇందిరాగాంధీ, బంగ్లాదేశ్ ప్రధాని షేక్ ముజిబుర్ రెహమాన్ రెండు దేశాల భూసరిహద్దు ఒప్పందంపై సంతకాలు చేశారు. కాగితం మీది ఆ మాట అమలైంది 2015 జూలై 31 అర్ధరాత్రి. ఈ 41 ఏళ్ల జాప్యానికి మూల్యం చెల్లించింది రెండు దేశాల ప్రభుత్వాలు కావు, చిట్‌మహల్ అని పిలిచే భూఖండాల్లో చిక్కుకుపోయిన యాభై వేల మందికి పైగా సామాన్యులు.

బంగ్లాదేశ్ లోపల భారత్‌కు చెందిన 111 భూఖండాలు, భారత్ లోపల బంగ్లాదేశ్‌కు చెందిన 51 భూఖండాలు ఉండేవి. దహలా ఖగ్రాబరి అనే చోటైతే, బంగ్లాదేశ్‌లో ఉన్న భారత భూభాగం మధ్యలో బంగ్లాదేశ్ నేల, దాని మధ్యలో మళ్లీ భారత్‌కు చెందిన ఒక చిన్న పొలం. బడికైనా, ఆసుపత్రికైనా, ఓటుకైనా పరాయి దేశపు నేల దాటి వెళ్లాలి. దాటాలంటే పాస్‌పోర్టు కావాలి. ఆ పాస్‌పోర్టు ఇచ్చే కార్యాలయానికి చేరాలన్నా అదే నేల దాటాలి. ఒక తరం అలాగే పుట్టి పెరిగి ముసలిదైంది.

బంగ్లాదేశ్ ఈ ఒప్పందాన్ని ఆ ఏడాదే ఆమోదించింది. భారత్ మాత్రం భూభాగాన్ని వదులుకోవాలంటే రాజ్యాంగ సవరణ తప్పనిసరని, పశ్చిమ బెంగాల్‌లోని బేరుబారి ప్రాంతంలో కొంత పాకిస్థాన్‌కు ఇచ్చే వ్యవహారంలో మన సుప్రీంకోర్టు 1960లోనే స్పష్టం చేసింది. ఆ నియమం సరైనదే. సవరణకు ఇన్నేళ్లు పట్టడానికి అసలు కారణం మాత్రం వేరు: భారత్ ఇవ్వాల్సింది 17,160 ఎకరాలు, పొందేది 7,110 ఎకరాలు కావడంతో, దేశం నేలను ధారపోశారన్న నింద మోయడానికి ప్రభుత్వాలు వెనుకాడాయి. చివరికి 2015 మేలో 100వ సవరణకు ఉభయసభల్లో ఒక్క వ్యతిరేక ఓటూ పడలేదు. ఇన్నేళ్లూ భయపడిన ఉపద్రవమేదీ రాలేదు. బంగాళాఖాతంలో వివాదాస్పదమైన 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశ్‌కే చెందుతాయన్న 2014 నాటి హేగ్ అంతర్జాతీయ మధ్యవర్తిత్వ ట్రిబ్యునల్ తీర్పునూ భారత్ హుందాగా అంగీకరించింది. పెద్ద దేశం పట్టు సడలిస్తే పరువు తగ్గదని ఈ రెండు నిర్ణయాలూ రుజువు చేశాయి.

అంత శ్రమతో కూడగట్టుకున్న నమ్మకాన్ని 2025లో రెండు ప్రభుత్వాలూ ఎంత తేలిగ్గా ఖర్చు చేశాయో చూస్తే బాధ కలుగుతుంది. ఏప్రిల్‌లో భారత్ తన రేవుల ద్వారా మూడో దేశాలకు సరుకు పంపుకునే వెసులుబాటును బంగ్లాదేశ్‌కు ఉపసంహరించింది; భూమార్గంలో మన నూలు దిగుమతిని ఢాకా నిలిపివేసింది; మేలో బంగ్లాదేశ్ దుస్తులకు మన భూమార్గాలు మూసుకుపోయాయి. ఎవరి కారణాలు వారికి ఉండవచ్చు. గడువైనా ఇవ్వకుండా రాత్రికి రాత్రి ఆంక్షలు పెట్టడం మాత్రం సమర్థనీయం కాదు, ఎందుకంటే ఆ దెబ్బ తగిలేది అప్పటికే సరుకు లారీకెక్కించిన వ్యాపారికి, అతని మీద ఆధారపడిన కూలీకి, రైతుకు. హైదరాబాద్ నుంచి చూస్తే బెంగాల్ సరిహద్దు దూరమనిపించవచ్చు గానీ, తెలుగు నేల మీద పండే మిర్చికి బంగ్లాదేశ్ ముఖ్యమైన కొనుగోలుదారు. రేపు ఆంక్ష దాని మీద పడితే ఖమ్మం, వరంగల్ యార్డుల్లో ధర పడిపోతుంది.

నీటి విషయంలో గడువు మరీ దగ్గరపడింది. 1996 డిసెంబరు 12న 30 ఏళ్లకు కుదిరిన గంగా జలాల ఒప్పందం 2026 డిసెంబరుతో ముగుస్తుంది. ఏటా జనవరి 1 నుంచి మే 31 వరకు పశ్చిమ బెంగాల్‌లోని ఫరక్కా బ్యారేజీ వద్ద ప్రవాహాన్ని పది రోజుల లెక్కన పంచుకునే పద్ధతికి అదే ఆధారం. 2011లో సంతకాల దాకా వచ్చిన తీస్తా నదీ జలాల ఒప్పందం పశ్చిమ బెంగాల్ అభ్యంతరంతో ఆగిపోయిందని మరువరాదు. కృష్ణా జలాల్లో ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299 టీఎంసీల తాత్కాలిక పంపకం 2015లో కుదిరాక కూడా, శాశ్వత వాటాల కోసం రెండు తెలుగు రాష్ట్రాలు ట్రిబ్యునల్ ముందు వాదిస్తూనే ఉండటం చూసినవారికి, నది ఒడ్డున ఉన్న రాష్ట్రాన్ని పక్కనబెట్టి కుదిరే ఒప్పందం నిలవదని వేరే చెప్పనక్కర్లేదు. అందుకే గంగా ఒప్పందం కొనసాగింపు చర్చల్లో కోల్‌కతాకు మొదటి రోజు నుంచే స్థానం ఉండాలి. వాణిజ్య ఆంక్షలపై రగడ ఎంత ముదిరినా, 1972 నుంచి ఉన్న సంయుక్త నదుల కమిషన్ సమావేశాలు, ప్రవాహాల కొలతల మార్పిడి ఒక్క రోజైనా ఆగకూడదు.