ధ్రువంలో చేతి చమురు భాగోతం

ఆర్కిటిక్‌లో చమురు బావి తవ్వి బాగుపడదామనుకునే ఔత్సాహికులకు ముందుగా ఒక శుభవార్త. అక్కడ జీతం, భత్యం, పండగ బోనస్ ఏదీ అడగని కూలీ ఒకడున్నాడు. పేరు చలి. రోడ్డు వేస్తాడు, నదుల మీద దారి కడతాడు, పునాదులు గట్టిపరుస్తాడు. పైసా తీసుకోడు. ఒక్కటే చిక్కు. కొన్నేళ్లుగా పనికి ఆలస్యంగా వచ్చి పెందలాడే ఇంటికి పోతున్నాడు.

ఉదాహరణకు అమెరికాలోని అలాస్కా రాష్ట్రపు ఉత్తర కొసకు, ఉత్తర వాలు (నార్త్ స్లోప్) అనే చోటికి వెళ్దాం. నేల పైన నాచు, గడ్డి ఒక పొర. దాని కింద వందల మీటర్ల లోతు దాకా గడ్డకట్టిన మట్టి. వేసవిలో పైపొర కరిగి బురదవుతుంది. ఒక్క లారీ నడిచినా ఆ చక్రాల గాడి దశాబ్దాలు చెరగదు. అందుకని బరువైన సరుకేదైనా చలికాలంలో, మంచు రోడ్డు మీదే పోవాలి. ఈ రోడ్డు వేయడం మన తారు రోడ్డు కంటే శ్రద్ధగా చేసే పని. ముందు పెద్ద పెద్ద మెత్తటి టైర్ల బండ్లు మంచును అణిచి గట్టిచేస్తాయి. దగ్గర్లోని సరస్సు మీది మంచుగడ్డను గీకి, ఆ ముక్కల్ని కంకరలా పరుస్తారు. ట్యాంకర్లతో నీళ్లు చల్లుతారు. అది గడ్డకట్టాక మళ్లీ చల్లుతారు. కనీసం 15 సెంటీమీటర్ల మందం వచ్చేదాకా ఇదే పని. కిలోమీటరుకు 23, 24 లక్షల లీటర్ల నీళ్లు పడతాయి. మే వచ్చేసరికి రోడ్డు కరిగి సరస్సుకే పోతుంది. మళ్లీ ఏడు మళ్లీ మొదటి నుంచి. ప్రతి ఏటా కొట్టుకుపోయే రోడ్డు మనకూ తెలుసుగానీ, కొట్టుకుపోవాలనే వేసే రోడ్డు అక్కడే ఉంది.

టండ్రా, అంటే ఈ నాచునేల మీద ఎప్పుడు అడుగు పెట్టాలో అలాస్కా ప్రభుత్వం చెబుతుంది. తీరప్రాంతంలో నేలలో 30 సెంటీమీటర్ల లోతున ఉష్ణోగ్రత మైనస్ 5 డిగ్రీలకు దిగాలి, పైన 15 సెంటీమీటర్ల మంచు ఉండాలి. 1970ల్లో ఏడాదికి 200 రోజులకు పైగా అనుమతి ఉండేది. 2002 నాటికి అది 100 రోజుల దరిదాపులకు వచ్చింది. అంటే మన కూలీ సగం రోజులు ఎగ్గొడుతున్నాడన్నమాట. పెద్దలు ఊరుకుంటారా? అధ్యయనం చేయించి, 2000ల మొదట్లో కొలతల పద్ధతినే మార్చారు. కూలీ రాకపోతే హాజరు పట్టీ దిద్దడం పరిపాలనలో చాలా పాత విద్య.

ఇక లెక్కల్లోకి. ఇప్పుడు అక్కడ జరుగుతున్న పెద్ద పెళ్లి పేరు ‘విల్లో’, ఒక చమురు ప్రాజెక్టు. నేషనల్ పెట్రోలియం రిజర్వ్ అనే ప్రాంతంలో కోనోకోఫిలిప్స్ కంపెనీది. ఈ రిజర్వును 1923లో అధ్యక్షుడు హార్డింగ్ నౌకాదళం అవసరాల కోసం కేటాయించాడు. చమురు దొరికింది 2016లో. ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ భూముల్లో కొత్త డ్రిల్లింగ్ ఉండదని ఎన్నికల్లో చెప్పిన బైడెన్ ప్రభుత్వమే 2023 మార్చిలో అనుమతిచ్చింది. అయితే నిగ్రహం పాటించింది. కంపెనీ ఐదు డ్రిల్లింగ్ ప్యాడ్‌లు (బావులు తవ్వే కంకర దిమ్మెలు) కోరితే మూడే ఇచ్చింది. అదే ఏడాది డిసెంబరులో కంపెనీ పెట్టుబడికి సై అంది. తొలి చమురు 2029లో. దొరికిన రోజు నుంచి పారే రోజు దాకా 13 ఏళ్లు. చమురు దొరికిన ఏట పుట్టిన పిల్ల ఏడో తరగతికొస్తుంది.

మొదటి అంచనా 700 నుంచి 750 కోట్ల డాలర్లు. 2025 నవంబరులో అది 850 నుంచి 900 కోట్లకు పెరిగింది. ‘సవరించిన అంచనాలు’ అనే మాట వింటూ పెరిగిన మనకు ఇందులో ఆశ్చర్యం ఏముంది? తీయగలిగిన చమురు సుమారు 60 కోట్ల బ్యారెళ్లు. 900ని 60తో భాగించండి. బ్యారెల్‌కు 15 డాలర్ల పెట్టుబడి! ఇంత చవకా అని కుర్చీలోంచి లేచేవాళ్లు దయచేసి కూర్చోండి. ఈ భాగహారం సంతలో కూరగాయలకు పనికొస్తుంది, చమురు బావికి పనికిరాదు.

ఎందుకంటే 900 కోట్లు ఇప్పుడు పోతాయి, బ్యారెళ్లు ఎప్పుడో వస్తాయి. డబ్బుకు ఏటా 10 శాతం రాబడి కోరుకునే కంపెనీ 2024లో కూర్చుని లెక్క వేసిందనుకుందాం. 2040లో 60 డాలర్లకు అమ్మే బ్యారెల్ విలువ దాని కళ్లకు 13 డాలర్లు. 2050లో అదే 60కి అమ్మితే 5 డాలర్లు. పోనీ ఆ 60 అయినా చేతికొస్తుందా? భూమి యజమానిగా ఫెడరల్ ప్రభుత్వం తీసుకునే రాయల్టీ ఆరో వంతు, అంటే 10 డాలర్లు, మొదటే పోతుంది. తర్వాత బావుల నిర్వహణ, పైప్‌లైన్ కిరాయి. ఆ తర్వాత పైప్‌లైన్ చివరనున్న వాల్డీజ్ రేవు నుంచి వెస్ట్ కోస్ట్ రిఫైనరీల దాకా అమెరికాలోనే కట్టిన, అమెరికన్ సిబ్బందే నడిపే ట్యాంకర్లకు కిరాయి. అది చట్టం. దేశభక్తి చవగ్గా దొరకదు.

ఈ పద్దులో అతి ఖరీదైన వస్తువు ఉక్కు కాదు, క్యాలెండరు. చమురు శుద్ధిచేసే పెద్ద యంత్ర భాగాలను (మాడ్యూళ్లను) దూరంగా ఫ్యాక్టరీల్లో కట్టి బార్జీల మీద తెస్తారు. ఉత్తర వాలును ఆనుకున్న బ్యూఫోర్ట్ తీరంలో సముద్రం తెరిచి ఉండేది జులై చివరి నుంచి సెప్టెంబరు మధ్య దాకా. 1975లో అక్కడి ప్రూడో బే చమురు క్షేత్రానికి సామాన్లు తీసుకెళ్తున్న బార్జీల బారు, మంచు దారివ్వక వారాల తరబడి సముద్రంలో పడిగాపులు పడింది. దించిన మాడ్యూల్ మళ్లీ మంచు రోడ్డు కోసం చలికాలం దాకా ఆగాలి. డ్రిల్లింగ్ ప్యాడ్ కింద గడ్డకట్టిన నేల కరగకుండా కనీసం మీటరున్నర మందాన కంకర పరవాలి. ఆ కంకర తోలేదీ చలికాలంలోనే. అయితే గడ్డకట్టిన కంకరను రోలరు ఎంత తొక్కినా కూరుకోదు. అందుకని ఒక వేసవి దాన్ని ఎండకు వదిలి, కరిగి కారిన నీరు పోయాక చదునుచేసి అప్పుడు తొక్కాలి. అంటే ఒక పని చలికోసం, దాని తర్వాతి పని ఎండకోసం, ఆ తర్వాతిది మళ్లీ చలికోసం ఎదురుచూస్తుంది. ఎక్కడ ఒక బోల్టు రాకపోయినా ఏడాది పోతుంది. 10 శాతం లెక్కలో ఒక్క ఏడాది ఆలస్యం అంటే రాబోయే ఆదాయం మొత్తం విలువలో 9 శాతం ఆవిరి. ముహూర్తం తప్పితే ఏడాదిదాకా మళ్లీ లేదనే పురోహితుడు ఈ కంపెనీల్లో ప్రాజెక్టు మేనేజరుగా రాణిస్తాడు.

మరి ఇంత కష్టం ఎందుకు? దానికి పక్కనే జవాబుంది. 1,287 కిలోమీటర్ల పొడవు, 48 అంగుళాల వ్యాసం. ట్రాన్స్-అలాస్కా పైప్‌లైన్. 90 కోట్ల డాలర్లలో అవుతుందని మొదలుపెట్టి 800 కోట్లతో 1977లో పూర్తిచేశారు. 1988లో రోజుకు 20 లక్షలకు పైగా బ్యారెళ్లు పారాయి. 2024లో దాదాపు 4.6 లక్షలు. అప్పుడు చమురు ఈ చివర నుంచి ఆ చివరకు నాలుగున్నర రోజుల్లో పరుగెత్తేది, ఇప్పుడు దాదాపు 18 రోజులు నడుస్తుంది. నింపాదిగా నడిచేసరికి చల్లబడుతుంది. చల్లబడితే అందులోని మైనం గొట్టం గోడలకు పేరుకుంటుంది, నీటి తడి గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. గీకడానికి లోపలికి ‘పిగ్’ అనే యంత్రాన్ని పంపాలి, పంపింగ్ స్టేషన్లలో చమురును అక్కడక్కడే తిప్పి వేడెక్కించాలి. ప్రవాహం మరీ పడిపోతే గొట్టం మూసేయాలి. గొట్టం మూస్తే పాత బావులన్నీ మూగబోతాయి. పైగా వాడకం ముగిశాక గొట్టాన్ని ఊడదీసుకుపోవాలని ఒప్పందంలోనే ఉంది. అందుకని ఇంటి ఏనుగుకు మేత కోసం కొత్త పొలం కొంటున్నారు. ఏనుగును మాత్రం పొలం దున్నడానికే కొన్నామని చెబుతున్నారు.

అలాస్కా రాష్ట్ర ఖజానా సంగతి మరీ ముచ్చట. అక్కడ ఉత్పత్తి పన్ను వేసేది నికర లాభం మీద, 35 శాతం. కంపెనీ కొత్త బావి మీద పెట్టిన ఖర్చును ఉత్తర వాలులోనే ఉన్న తన పాత బావుల ఆదాయంలోంచి తగ్గించుకోవచ్చు. విల్లో ఉన్నది ఫెడరల్ భూమిలో కాబట్టి రాష్ట్రానికి సొంతంగా రాయల్టీ లేదు. ఫలితం, చమురు పారకముందు రాష్ట్రానికి వచ్చే పన్ను తగ్గుతుందని స్వయంగా రాష్ట్ర రెవెన్యూ శాఖే లెక్కకట్టింది. అయినా రాష్ట్ర నాయకులంతా పార్టీలకతీతంగా విల్లో కావాలన్నారు. అల్లుడికి ఎదురు ఖర్చు పెట్టి మరీ పండక్కి పిలవడం మనవాళ్లు మాత్రమే చేస్తారనుకున్నాం.

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెతకు ఆర్కిటిక్ అనువాదం కూడా ఉంది. ఉత్తర వాలు తూర్పున ఉన్న వన్యప్రాణి శరణాలయంలో చమురు లీజులు అమ్మితే ఫెడరల్ ఖజానాకు పదేళ్లలో 100 కోట్ల డాలర్లకు పైగా వస్తాయని 2017లో అంచనా కట్టి, పన్ను కోతల చట్టంలో ఆ ఆదాయం రాసేసుకున్నారు. 2021 జనవరిలో వేలం పెడితే వచ్చింది 1.44 కోట్లు. అందులోనూ పెద్ద పాటగాడు అలాస్కా ప్రభుత్వ సంస్థే. 2025 జనవరిలో రెండో వేలం. ఈసారి పాటగాళ్ల మధ్య పోటీ లేదు. పాటగాళ్లే లేరు.

భూమి మీదే ఇలా ఉంటే సముద్రంలోకి దిగినవాళ్ల గురించి వినయంగా చెప్పుకోవాలి. 1983లో సోహియో కంపెనీ భాగస్వాములతో కలిసి బ్యూఫోర్ట్ సముద్రంలో కంకర పోసి ముక్‌లక్ అనే దీవినే కట్టింది. లీజులతో కలిపి 150 కోట్ల డాలర్లకు పైనే పెట్టి తవ్వితే ఉప్పునీరు పడింది. రాళ్లకు చమురు మరకలున్నాయి. అంటే చమురు ఒకప్పుడు ఉండేది, లక్షల ఏళ్ల కిందటే ఎటో జారుకుంది. కొండను తవ్వి ఎలుకను పట్టడం విన్నాం, ఎలుక ఖాళీచేసి వెళ్లిన కన్నానికి ఇంత అద్దె కట్టడం ఇదే మొదలు.

షెల్ కంపెనీ అంతకంటే గట్టిది. 2008లో అలాస్కాకు వాయవ్యాన ఉన్న చుక్చీ సముద్రంలో లీజులకే 210 కోట్ల డాలర్లు పోసింది. సముద్రంలో బావి తవ్వే దాని రిగ్ ‘కుల్లుక్’ గుండ్రంగా, గిన్నెలా ఉంటుంది. ఎటునుంచి మంచు వచ్చినా పక్కకు జారిపోవాలని ఆ ఆకారం. సొంత ఇంజిను లేదు, లాక్కుపోవాల్సిందే. 2012 డిసెంబరు 21న, అలాస్కా గల్ఫ్‌లో తుపాన్లు చిందులేసే కాలంలో, దాన్ని డచ్ హార్బర్ నుంచి సియాటిల్ వైపు బయల్దేరదీశారు. జనవరి 1న అది అలాస్కాలో ఉంటే కొన్ని మిలియన్ల డాలర్ల రాష్ట్ర పన్ను పడొచ్చన్న ఆలోచన కూడా ఆ తొందరలో ఒక కారణమని కోస్ట్‌గార్డ్ దర్యాప్తు తర్వాత తేల్చింది. 27న లాగే తాడు లంకె ఊడింది. మర్నాడు లాగే ఓడ ఇంజిన్లన్నీ ఆగిపోయాయి. 29న హెలికాప్టర్లు రిగ్ మీది 18 మందిని ఎత్తుకొచ్చాయి. 31న కుల్లుక్ కోడియాక్ దగ్గర ఒక దీవి రాళ్ల మీద కూర్చుంది. ఆ దీవి అలాస్కాలోనే ఉంది. అంటే జనవరి 1న రిగ్ ఎక్కడుండకూడదనుకున్నారో సరిగ్గా అక్కడే ఉంది. మరమ్మతు దండగని చివరికి చైనాలో తుక్కు కింద విడగొట్టారు. 2015లో మరో రిగ్‌తో తవ్వితే చాలినంత చమురు లేదని తేలింది. మొత్తం దాదాపు 700 కోట్ల డాలర్లకు నీళ్లు వదిలి షెల్ ఇంటికెళ్లింది.

న్యాయంగా చెప్పాలంటే గెలిచినవాళ్లూ ఉన్నారు. నార్వేలో యోహాన్ కాస్ట్‌బెర్గ్ అనే సముద్ర చమురు క్షేత్రం 2025 మార్చిలో ఉత్పత్తి మొదలుపెట్టింది. బ్యారెల్ 80 డాలర్లు ఉంటే తప్ప గిట్టదన్న ప్రాజెక్టు, 2014 తర్వాత చమురు ధర కుప్పకూలాక, డిజైన్‌ను మళ్లీ గీసి గిట్టుబాటు ధరను 35 దాకా దించుకుంది. ధర పడితే తెలివి పెరుగుతుందనడానికి ఇది సాక్ష్యం. ఇంకో రహస్యం కూడా ఉంది. వెచ్చటి సముద్ర ప్రవాహం వల్ల అక్కడ సముద్రం గడ్డకట్టదు. ఆర్కిటిక్ చమురులో లాభం రావాలంటే ఆర్కిటిక్ లక్షణాలు లేని ఆర్కిటిక్‌ను ఎంచుకోవాలి.

మనమూ ఖాళీగా లేం. సైబీరియాలో ఆర్కిటిక్ వలయం పైనున్న వాంకోర్ క్షేత్రంలో ఓఎన్‌జీసీ విదేశ్‌కు 26 శాతం వాటా ఉంది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక ఆంక్షల వల్ల భారతీయ కంపెనీల డివిడెండ్లు రష్యా బ్యాంకుల్లోనే చిక్కుకున్నాయి. అక్కడ గడ్డకట్టేది నేల ఒక్కటే కాదు.

చివరగా, మన కూలీ దగ్గరికి మళ్లీ రావాలి. విల్లో చమురు కాలిస్తే 30 ఏళ్లలో 23.9 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్ వస్తుందని ప్రభుత్వ అంచనా. అక్కడ నేల ఇప్పటికే మెత్తబడుతోంది. మరి మెత్తటి నేల మీద బావి ఎలా నిలుస్తుంది? ఇంజినీర్ల దగ్గర మందుంది. నేలలో థర్మోసైఫన్లు దింపుతారు. సీలు వేసిన గొట్టం, లోపల కొంచెం ద్రవం. అడుగున నేల వేడికి ద్రవం ఆవిరై పైకి లేస్తుంది. పైన రెక్కల దగ్గర చలిగాలికి చల్లబడి మళ్లీ ద్రవమై కిందికి జారుతుంది. అలా నేలలోని వేడిని తోడి ఆకాశంలో పోస్తుంది. మోటారు లేదు, కరెంటు లేదు. ట్రాన్స్-అలాస్కా పైప్‌లైన్‌కు ఇలాంటివి 1,24,000 ఉన్నాయి, అవి అమోనియావి. అవీ చాలక, 2021లో ఫెయిర్‌బ్యాంక్స్‌కు ఉత్తరాన ఒక వాలు కరిగి గొట్టం కాళ్లు ఒరిగితే, అక్కడ మరో వంద దాకా దింపడానికి అనుమతి తీసుకున్నారు.

కొత్త రకం థర్మోసైఫన్లలో అమోనియా బదులు ఎక్కువగా నింపేది కార్బన్ డయాక్సైడ్‌ను. నేలను కరిగించిన వాయువుకే నేలను గడ్డకట్టించే ఉద్యోగం. పైన గాలి నేలకంటే చల్లగా ఉన్నన్నాళ్లే అది డ్యూటీ చేస్తుంది. వేసవిలో గొట్టాలు వరసగా ఊరికే నిలబడి ఉంటాయి, కూలీ ఎప్పుడొస్తాడా అని.