చిప్ ధర దించేది ప్రత్యర్థే

2018 చివర్లో ఇంటెల్ 18 కోర్లు (చిప్‌లో ఒకేసారి వేర్వేరు పనులు చేసే భాగాలు) ఉన్న డెస్క్‌టాప్ ప్రాసెసర్ ఒకదాన్ని 1,979 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. ఏడాది తిరిగేలోపే, 2019 అక్టోబరులో, దాని తర్వాతి రకాన్ని ప్రకటించింది. కోర్లు అవే 18, తయారీ అదే 14 నానోమీటర్ల పద్ధతి. ధర మాత్రం 979 డాలర్లు. అప్పటికే ప్రత్యర్థి కంపెనీ ఏఎండీ తక్కువ డబ్బుకు ఎక్కువ కోర్లు ఇస్తూ ఆ మార్కెట్లోకి చొచ్చుకొచ్చింది. వెయ్యి డాలర్లు తగ్గడానికి అసలు కారణం అదే.

అంతకు ముందు పదేళ్లు ఎలా గడిచాయో కొనేవాళ్లకు గుర్తుండే ఉంటుంది. 2007లో మామూలు డెస్క్‌టాప్‌కు ఇంటెల్ ఇచ్చిన గరిష్ఠం నాలుగు కోర్లు. 2017 మొదట్లోనూ అంతే. ఎనిమిది కోర్లు కావాలంటే ఇంటెల్ చిప్‌కు వెయ్యి డాలర్ల పైమాటే. ఆ ఏడాది మార్చిలో ఏఎండీ ఎనిమిది కోర్ల రైజెన్ చిప్‌లను తెచ్చింది. అందులో ఖరీదైనదే 499 డాలర్లు, 329 డాలర్లకూ ఒకటి దొరికింది. అదే అక్టోబరుకల్లా ఇంటెల్ సాధారణ శ్రేణిలో ఆరు కోర్లొచ్చాయి, మరుసటి ఏడాది ఎనిమిది. పదేళ్లు కదలనిది రెండేళ్లలోపే కదిలింది. ఈ లాభం ఏఎండీ కొన్నవాళ్లకే దక్కలేదు. ఆ కంపెనీ పేరైనా వినకుండా ఇంటెల్ కంప్యూటర్ కొనుక్కున్నవాళ్లకూ దక్కింది.

అలాగని ఏఎండీని వినియోగదారుల పక్షపాతిగా చూడనక్కర్లేదు. 2020 నవంబరులో పైచేయి తనదయ్యాక ఆరు కోర్ల కొత్త చిప్‌కు 299 డాలర్లు పెట్టింది. దాని ముందు తరం 249కే వచ్చింది. 199 డాలర్ల రకం రావడానికి 2022 ఏప్రిల్ దాకా ఆగాల్సివచ్చింది, అదీ ఇంటెల్ మంచి చిప్‌లతో మళ్లీ పుంజుకున్న తర్వాతే. ముందున్నవాడు ఎవరైనా ధర పెంచుతాడు. అందుకే ఒక బ్రాండ్‌ను అభిమానించి, రెండోది మూతపడాలని కోరుకునేవాళ్లు తమ జేబుకే చిల్లు పెట్టుకుంటున్నారని మా అభిప్రాయం.

కంపెనీలు రెండుమూడు ఉన్నంత మాత్రాన సరిపోదు. అవి నిజంగా పోటీ పడాలి. మెమరీ చిప్‌ల తయారీదారులు 1999 నుంచి 2002 వరకు ధరలు కూడబలుక్కున్నారని అమెరికా న్యాయశాఖ తేల్చింది. 2005లో శామ్‌సంగ్ నేరం ఒప్పుకొని 30 కోట్ల డాలర్ల జరిమానాకు తలొగ్గింది. ఇప్పుడు ఆ మార్కెట్ శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ అనే మూడింటి చేతుల్లోనే చాలావరకు ఉంది. నిఘా మరింత అవసరమైన చోటు ఇదే.

ప్రాసెసర్ల విషయంలో ఏఎండీకి అడ్డుపడిందంటూ ఐరోపా కమిషన్ 2009లో ఇంటెల్‌కు 106 కోట్ల యూరోల జరిమానా వేసింది. కంప్యూటర్ తయారీదారులకు ఇంటెల్ ఇచ్చిన రాయితీలకు సంబంధించిన భాగాన్ని కోర్టులు తర్వాత కొట్టేశాయి. కానీ ఏఎండీ చిప్‌లున్న కంప్యూటర్లను ఆపడానికో, ఆలస్యం చేయడానికో తయారీ కంపెనీలకు ఇంటెల్ డబ్బిచ్చిందన్న నిర్ధారణ నిలిచింది. దానికి 2023లో మళ్లీ జరిమానా పడింది. అసలు చెల్లింపులు జరిగినవి 2002-2006 మధ్య. నష్టపోయిన కొనుగోలుదారు ఈలోపు ఎన్ని కంప్యూటర్లు మార్చి ఉంటాడు! చిప్ ఆయుష్షు నాలుగేళ్లు, కేసు ఆయుష్షు ఇరవై ఏళ్లయితే చట్టం ఉండి ప్రయోజనమేంటి? తుది తీర్పు దాకా ఆగకుండా, విచారణ దశలోనే ఇలాంటి ఒప్పందాలను నిలిపేసే అధికారాన్ని నియంత్రణ సంస్థలు వాడాలి.

ఇంకో చిక్కు కంటికి కనపడనిది. ఏఎండీ, ఎన్‌విడియా, యాపిల్ తమ ముఖ్యమైన చిప్‌లను సొంతంగా తయారుచేసుకోవు, తైవాన్‌లోని టీఎస్‌ఎంసీకి ఇచ్చి చేయించుకుంటాయి. పైన ఎంత పోటీ ఉన్నా కింద ఫ్యాక్టరీ ఒక్కటే అయితే ధర దిగడానికి హద్దు ఉంటుంది. తయారీలో రెండో, మూడో సంస్థ నిలదొక్కుకోవడానికి ప్రభుత్వాలు పెట్టే ఖర్చును మేం సమర్థించేది అందుకే.

ప్రభుత్వాల చేతిలో ఖర్చు లేని పని కూడా ఒకటుంది. అవి వేలల్లో కంప్యూటర్లు కొంటాయి. టెండర్లో ఫలానా కంపెనీ చిప్ అని రాయడం మానేసి, కావాల్సిన పనితీరును మాత్రమే రాయాలి. ఆ మార్పు వచ్చే టెండర్ నుంచే మొదలుపెట్టొచ్చు.