ఎద్దూ మాదే, మేతా మాదే

మా బావమరిది అమెరికాలో, న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉంటాడు. న్యూయార్క్ మెట్స్ అనే బేస్‌బాల్ జట్టు అభిమాని. అంతకు మించి దురలవాట్లేమీ లేవు. మొన్న ఫోన్ చేసి, "బావా, చలికాలంలో ఒక సీనియర్ పిచర్ చేత సంతకం పెట్టించుకుంటే చాలు, వేసవికి ట్రేడ్ మార్కెట్ మన చేతిలో ఉంటుంది" అన్నాడు. పిచర్ అంటే బంతి విసిరేవాడు, ట్రేడ్ అంటే జట్లు ఆటగాళ్ళని మార్చుకోవడం. మన చేతిలోనట! 2023లో మార్కెట్ ఎవరి చేతిలో ఉందో, చేతి చమురు ఎవరికి వదిలిందో ఈయన మర్చిపోయాడు. నేను మర్చిపోలేదు.

2021 చివర్లో మెట్స్ వాళ్ళు 37 ఏళ్ళ మాక్స్ షెర్జర్‌కి మూడేళ్ళకు 130 మిలియన్ డాలర్లు రాసిచ్చారు. అది చాలలేదు. మరుసటి చలికాలంలో, రెండు నెలలాగితే నలభై నిండే జస్టిన్ వెర్‌లాండర్‌కి రెండేళ్ళకు 86 మిలియన్ల పైచిలుకు. ఏడాదికి తలా 43.33 మిలియన్లు. ఒకే పందిట్లో ఇద్దరు అల్లుళ్ళకి తేడా రాకుండా పెట్టినట్టు పెట్టారు. ఓనర్ స్టీవ్ కోహెన్ హెడ్జ్ ఫండ్ నడిపినవాడు కనుక లెక్కలు రావని అనలేం.

ఇద్దరూ మామూలువాళ్ళు కారు, ఏటా మేటి పిచర్లకిచ్చే సై యంగ్ అవార్డులు తలా మూడున్నాయి. నా గొడవ వాళ్ళ బంతితో కాదు, రేటుతో. సంతలో ముసలెద్దు 43 పలికితే, పక్కన కోడెని కట్టుకుని కూర్చున్న ఆసామి ఊరుకుంటాడా? మర్నాటి నుంచి ప్రతి జట్టూ తన పాతికేళ్ళ పిచర్ ధర పెంచి, "నచ్చితే తీసుకోండి, లేకపోతే ఆ తాతల దగ్గరికే వెళ్ళండి" అంటుంది.

2023 జూలై వచ్చేసరికి మెట్స్ ఆట మునిగింది. ట్రేడ్‌లకి డెడ్‌లైన్ ఆగస్టు 1 సాయంత్రం ఆరు. ఇక సంతే.

దళారి తుండుగుడ్డ పరిచాడు. దాని కింద వేళ్ళు పట్టుకుని బేరం మొదలైంది. టెక్సాస్ రేంజర్స్ ఆసామి షెర్జర్ పళ్ళు చూసి, "ముప్ఫై తొమ్మిదా? మేత ఎక్కువ తింటాడే" అని పెదవి విరిచాడు. "మేత మేం పంపిస్తాం" అన్నారు మెట్స్. "ఎంత?" "35 మిలియన్ల దాకా." ఆసామి మొహంలో కళ వచ్చింది. "అయితే మా కోడెదూడని తోలుకెళ్ళండి." ఆ దూడ 21 ఏళ్ళ లూయిసాంగెల్ అకునా. ఇంకో మూల హ్యూస్టన్ ఆస్ట్రోస్. ఎనిమిది నెలల క్రితం తమ కొట్టంలోంచి కట్టు విప్పుకుని పోయిన ఎద్దే, వెర్‌లాండరే, తిరిగొచ్చింది, మెడలో మెట్స్ డబ్బు సంచితో సహా. బదులుగా డ్రూ గిల్బర్ట్, రయాన్ క్లిఫర్డ్ అనే రెండు దూడలు. మేత ఎంత ఎక్కువ పంపితే దూడ అంత మేలుది దొరుకుతుంది. మా బావమరిది చెప్పిన "చేతిలో ఉండటం" ఇదే.

అక్టోబర్‌లో, బేస్‌బాల్ రెండు లీగుల్లో ఒకటైన అమెరికన్ లీగ్ చివరి పోరులో ఎవరు తలపడ్డారో తెలుసా? రేంజర్స్, ఆస్ట్రోస్. అటు షెర్జర్, ఇటు వెర్‌లాండర్, ఇద్దరి జీతంలోనూ మెట్స్ డబ్బు. 75 గెలిచి 87 ఓడిన మెట్స్ ఇంట్లో కూర్చుని టీవీలో చూశారు. కప్పు టెక్సాస్‌కి పోయింది.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు, కోటీశ్వరుడి డబ్బు కోటీశ్వరుడిష్టం. కానీ ఆ దూడల మాటొచ్చేసరికి నాకు నవ్వు రాదు. వాళ్ళని "ప్రాస్పెక్ట్స్", అంటే పైకొస్తారని ఆశ పెట్టుకున్న కుర్రాళ్ళు, అంటారు, పేరు కూడా పెట్టరు. పెద్ద జట్ల కింద కుర్రాళ్ళు తయారయ్యే మైనర్ లీగ్‌లో, లో-ఏ అనే కింది స్థాయి కుర్రాడికి 2022 దాకా ఏడాదికి 11 వేల డాలర్లు. యూనియన్‌లో చేరి పోరాడితే 2023లో 26,200 అయింది. ఆ ఒక్క షెర్జర్ మేత ఖర్చుతో అలాంటి వెయ్యీ మూడొందల మందికి ఏడాది జీతం ఇవ్వచ్చు. ఇవ్వరు. గిల్బర్ట్ జట్లు కుర్రాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి రౌండ్‌లోనే ఎంపికైనవాడు, అతనికి డబ్బు ముట్టింది, సరే. అతని పక్క మంచం మీద పడుకున్నవాడికి? అమ్మేటప్పుడు వాళ్ళని అడిగే దిక్కు లేదు. షెర్జర్‌కీ వెర్‌లాండర్‌కీ మాత్రం ఒప్పుకోకపోతే ట్రేడ్ కుదరదని ఒప్పందంలోనే రాసుంది. ఏం, కుర్రాళ్ళకి ఇల్లూ వాకిలీ ఉండవా? పొద్దున ఒక ఊరి బస్సెక్కినవాడు రాత్రికి ఇంకో ఊరివాడైతే, అద్దె ఎవరు కడతారు, కోహెన్ కడతాడా?

మా బావమరిదికి ఇదంతా చెప్తే, "ఆ గిల్బర్ట్ ఇప్పుడు మా దగ్గర లేడుగా బావా" అన్నాడు. లేడు మరి. 2025 జూలైలో మెట్స్ మళ్ళీ సంతకెళ్ళి, శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ నుంచి 34 ఏళ్ళ టైలర్ రోజర్స్ అనే పిచర్‌ని తెచ్చుకుని, గిల్బర్ట్‌నీ ఇంకో ఇద్దర్నీ ఇచ్చేశారు. రెండేళ్ళలో రెండుసార్లు, రెండుసార్లూ సీనియర్ పిచర్ కోసమే.

ఆ జెయింట్స్ కొట్టంలో అప్పటికే కట్టేసి ఉన్నదెవరో ఊహించండి. ఏడాదికి 15 మిలియన్లు పుచ్చుకుంటున్న 42 ఏళ్ళ వెర్‌లాండర్. మొదటిరోజు లాకర్ రూమ్‌లో ఎదురుపడ్డప్పుడు, "నా రేటు నువ్వేనా?" అని ఇద్దరిలో ముందు ఎవరు అడిగారో.