ముల్లు మీద జాలిపడి రికార్డులు పాడుచేసుకున్నా

రికార్డు ప్లేయర్‌లో ముల్లు గాడి మీద మోపే బరువు ఎంత తగ్గిస్తే వినైల్ రికార్డు అంత పదిలం అనే మాట ఎవరు మొదలుపెట్టారో గానీ, అది నమ్మి ఏడాది పాటు నా రికార్డులను నేనే చెడగొట్టుకున్నాను.

నాది ఆర్టోఫాన్ టూఎం రెడ్ కార్ట్రిడ్జ్ (ముల్లును పట్టి ఉంచి, దాని కదలికను ధ్వని సంకేతంగా మార్చే భాగం). దానికి కంపెనీ చెప్పే బరువు 1.8 గ్రాములు, 1.6 నుంచి 2 దాకా పెట్టుకోవచ్చు. నేను మహా తెలివిగా 1.3 పెట్టాను. మొదటి పాటలు బాగానే ఉండేవి. చివరి పాటకొచ్చేసరికి 'స', 'శ' ఉన్న చోటల్లా ఇసుక నమిలినట్టు కరకర. పాపం, రికార్డునే తిట్టుకున్నాను.

పన్నెండు అంగుళాల ఎల్‌పీ అంచు దగ్గర ముల్లు కింద సెకనుకు దాదాపు 51 సెంటీమీటర్ల గాడి జరుగుతుంది. లోపలి చివరికొచ్చేసరికి అది 21కి పడిపోతుంది. అదే పాట సగం కంటే తక్కువ జాగాలో ఇరుక్కోవాలి కాబట్టి గాడిలో వంపులు బాగా దగ్గరపడతాయి. బరువు చాలని ముల్లు అక్కడ గోడను వదిలేసి ఎగిరి, మళ్లీ వచ్చి గుద్దుకుంటుంది. ఆ దెబ్బకు గాడి చెక్కుకుపోతుంది. అది ఇక మానదు.

ముల్లును మోసే ఆర్మ్ వెనక చివర ఉండే కౌంటర్‌వెయిట్ అనే దిమ్మ మీది అంకెల్నీ గుడ్డిగా నమ్మకండి. యాంటీ స్కేటింగ్ (ఆర్మ్ లోపలికి జారిపోకుండా దాన్ని బయటికి లాగే అమరిక) సున్నాలో పెట్టి, ముల్లు తొడుగు తీసి, ఆర్మ్ గాల్లో తక్కెడలా నిలిచేదాకా వెయిట్ తిప్పాలి. అప్పుడు వెయిట్ కదలకుండా పట్టుకుని అంకెల రింగు ఒక్కటే సున్నాకు తేవాలి. ఆ తర్వాత కావలసిన బరువు అంకె వచ్చేదాకా రెండూ కలిపి తిప్పాలి. ఇక్కడ రింగు కొంచెం జారినా అంకె మారుతుంది, బరువు మారదు. చిన్న డిజిటల్ త్రాసు కొని చూస్తే, నేను 1.3 అనుకున్నది నిజానికి 1.1! (త్రాసు పళ్లెం రికార్డు ఎత్తులోనే ఉండాలి సుమా.) ప్రొట్రాక్టర్ (ముల్లు స్థానం, కోణం సరిచూసే కొలత పలక) మీద పెట్టి కార్ట్రిడ్జ్‌ను ముందుకో వెనక్కో జరిపితే ఈ తూకమంతా మళ్లీ మొదటికొస్తుంది. అందుకే ఆ పని ముందే కానిచ్చేయాలి.

యాంటీ స్కేటింగ్‌కు గాడి లేని నున్నటి డిస్క్ మీద ముల్లు వదిలి, ఎటు జారుతుందో చూసి సరిచేయమనే సలహా వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఆర్మ్‌ను లోపలికి లాగేది ముల్లుకీ గాడికీ మధ్య రాపిడి. నున్నటి ప్లాస్టిక్ మీద రాపిడి వేరు, గాడిలో వేరు. మొదట బరువెంతో అంకె అంతే పెట్టండి. తర్వాత హెడ్‌ఫోన్స్‌తో చివరి పాట వినండి. కుడి వైపు శబ్దం ముందు పగిలితే అంకె కాస్త పెంచండి, ఎడమ వైపైతే తగ్గించండి.

ఇప్పుడు నా త్రాసు 1.8 చూపిస్తోంది. కొత్తగా కొన్న రికార్డుల్లో చివరి పాట శుభ్రంగా వస్తోంది. పాతవాటిలో ఆ కరకర మాత్రం పోలేదు.